గోళ్ళలో మొలిచిన సొరపాదు

కోతలనుకుంటే అనుకోండి గానీ, ఎలుగుబంటి పిల్ల బొంతగాడి గోళ్ళ మట్టిలో సొరపాదు మొలిచి, మోచేతి దాకా పాకింది. ఆ రోజు బళ్ళో తేనె పాయసం. చేతులు కడగనోళ్ళకి వడ్డన లేదని కుందేలు పంతులమ్మ వాణ్ణి గుమ్మంలోనే ఆపేసింది. బొంతగాడికి నోట్లోనూ నీళ్ళే, కళ్ళల్లోనూ నీళ్ళే.

వాళ్ళమ్మ ఊగిపోతా వచ్చింది. "మా వంశంలో గోళ్ళు తీసినోడే లేడు, పంతులమ్మా."

"తియ్యొద్దు తల్లీ, కడిగితే చాలు. మట్టిచేత్తో తిని, కడుపునొప్పని నిన్న బడి మానిందెవరు?"

తల్లి వాణ్ణి బడి పక్క వాగులోకి దింపింది. వాడు రుద్దాడు, రుద్దాడు. ఆ మట్టితో బడి వెనక పెరడే తయారైంది. పాదు కూడా అక్కడే నాటారు.

బొంతగాడు మూడు దొప్పల పాయసం లాగించాడు. వెనకాలే వాళ్ళమ్మ, కడిగిన చేతులు చూపిస్తా, పిల్లల వరసలో నిలబడింది.