శుక్రవారం ఆఖరు

"ఎవరయ్యా నువ్వు? నిన్ననే రంగు వేయించిన గోడ. దాని మీదే అంటించాలా?"

కుట్టుమిషన్ వదిలేసి టైలరమ్మ బయటికొచ్చేసరికి, అతను పోస్టర్ అంచుల్ని అరచేత్తో అదుముతున్నాడు.

చంకలో కాగితాల చుట్ట. కాళ్ళ దగ్గర జిగురు బకెట్.

"గవర్నమెంటు పోస్టరమ్మా. శుక్రవారం దాకా ఉండనివ్వండి."

"గవర్నమెంటుకి మా గోడ తప్ప ఇంకేదీ కనపడలేదా?"

ఒక్క లాగు లాగింది. తడి ఆరని కాగితం ఊడి చేతికొచ్చింది.

కోపంలోనే ఓసారి చదివింది. 'శ్రవణ వైకల్యముగల శిశువులకు శస్త్రచికిత్సా సహాయ పథకము. అర్హులగు లబ్ధిదారులు నిర్ణీత గడువులోగా...'

అంతకుమించి చదవబుద్ధి కాలేదు. ఉండ చుట్టి అతని చేతిలో పెట్టింది.

అప్పుడే లోపల అత్తగారి చేతిలోంచి స్టీలు డబ్బా జారి గచ్చు మీద పడింది. ఆ మోతకి పక్కింటివాళ్ళు కూడా తొంగి చూశారు.

గుమ్మంలో గుడ్డపీలికలతో ఆడుకుంటున్న పాప మాత్రం తల తిప్పలేదు.

అతను పాపనే చూస్తూ ఉండిపోయాడు.

"పాపకి వినపడదా అమ్మా?"

"నీకెందుకు?"

"వయసెంత?"

"చెప్తే నయం చేస్తావా?"

అత్తగారు బయటికొచ్చింది. "ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాం బాబూ. పోయినేడు ఒకడొచ్చి, పాపకి చెవి మిషన్ ఇప్పిస్తానని నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పత్తా లేకుండా పోయాడు. దయచేయి."

అతను బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఎదురుగా సైకిల్ షాపు గోడ మీద అదే పోస్టర్. దాని కింద నీలం రంగుతో, బ్రష్షుతో, ఇంతింత అక్షరాలు:

'పుట్టినప్పటి నుంచి చెవులు వినపడని పిల్లలకి ఉచితంగా ఆపరేషన్. మూడేళ్ళు నిండకూడదు. పెద్దాసుపత్రి, పద్నాలుగో గది. శుక్రవారం ఆఖరు.'

టైలరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

నిన్న చదివిన ముక్క ఇదేనా?

సైకిల్ షాపు ముందు నిలబడ్డ అతను రోడ్డు దాటి వచ్చాడు గానీ మెట్టెక్కలేదు.

"మూడేళ్ళు ఎప్పుడు నిండుతాయమ్మా?"

"వచ్చే నెల పదకొండుకి." తనకి తెలియకుండానే చెప్పేసింది.

"మళ్ళీ పేర్లు రాసుకునేది ఆరు నెలల తర్వాతే. పాప పుట్టిన సర్టిఫికెట్ పట్టుకెళ్ళండి. నా వెంట రానక్కర్లేదు, నా పేరు చెప్పక్కర్లేదు. మీరే వెళ్ళి కనుక్కోండి."

"చూద్దాంలే" అంది.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. చేతిలో బకెట్ లేదు.

"వెళ్ళొచ్చారా?"

"ఎక్కడ కుదిరింది? సాయంత్రానికి పెళ్ళిబట్టలు ఇవ్వాలి" అంది, మిషన్ ఆపకుండానే.

అతను కదల్లేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు.

చివరికి అత్తగారే విసుక్కుంది. "ఆ బట్టలేవో నేను ఇచ్చుకుంటాలే. పిల్లనెత్తుకుని వెళ్ళు. సంతకం మాత్రం ఎక్కడా పెట్టకు."

పద్నాలుగో గదిలో గుమాస్తా గడియారం చూశాడు. "నాలుగింటికి మూసేస్తామమ్మా. ఇప్పుడా వచ్చేది?"

మూడూ నలభై అయింది.

పాప పేరు ఆఖరి వరసలో ఎక్కింది. పెట్టకూడదనుకున్న సంతకం పెట్టక తప్పలేదు.

ఆపరేషన్ అయిన నెలకి చెవి వెనక మిషన్ అమర్చి ఆన్ చేశారు. డాక్టరమ్మ చప్పట్లు కొడితే పాప ఉలిక్కిపడి, గుక్కపట్టి ఏడ్చింది.

ఆ ఏడుపుకి అత్తాకోడళ్ళిద్దరూ సంబరపడిపోయారు.

ఏడాది తిరిగేసరికి పాప, కుట్టుమిషన్ ఆగితే చాలు, "మళ్ళీ" అనడం నేర్చుకుంది.

ఆ మాట విన్న రోజే టైలరమ్మ, పోస్టర్ అంటించినతనికి రెండు చొక్కాలు కుట్టింది. అతని కొలతలు తీసుకోలేదు, కంటి అంచనాతోనే కుట్టేసింది. పాపని తీసుకుని, పోస్టర్ అడుగున పేరున్న సమాచార శాఖ ఆఫీసుకి వెళ్ళింది.

"పోస్టర్లు అంటించే ఆయన్ని ఓసారి పిలుస్తారా సార్?"

"మా పోస్టర్లు ఆఫీసుల్లోనూ బస్టాండ్లోనూ పెడతామమ్మా. వీధుల్లో అంటించే మనిషి మాకెవరూ లేరు" అన్నాడు అధికారి.

"సన్నగా ఉంటాడు, కాస్త వంగి నడుస్తాడు సార్. కింద నీలం రంగుతో రాస్తాడు."

అధికారి రాస్తున్న కాగితం పక్కన పెట్టాడు.

"ఆయనా? బోర్డులు రాసుకునే పెయింటరమ్మా. మా దగ్గర జీతం లేదు, ఏమీ లేదు. పని లేని పూట వచ్చి, మిగిలిన పోస్టర్లు అడిగి పట్టుకెళ్ళేవాడు. మేం రాసేది జనానికి అర్థం కావట్లేదని నాతో పోట్లాడేవాడు కూడా. ఇదిగో చూడండి, ఈసారి ఆయన మాటలే అచ్చు వేయించాం."

కొత్త పోస్టర్. 'పుట్టినప్పటి నుంచి చెవులు వినపడని పిల్లలకి...'

టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎక్కడుంటారు సార్? ఆ రోజు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు నేను. పాపని ఒక్కసారి చూపించి వస్తాను."

"పోయిన నెలే ఊరు మారిపోయాడమ్మా. అడ్రసు కూడా ఇవ్వలేదు. కూతుర్ని బడిలో వేయాలన్నాడు."

"బడి కోసం ఊరు మారడమెందుకు సార్? ఇక్కడ బళ్ళు లేవా?"

పాప టేబుల్ మీది గంట నొక్కి, ఆ చప్పుడుకి నవ్వి, "మళ్ళీ" అంది.

అధికారి ఆ పిల్లనే చూస్తూ నెమ్మదిగా చెప్పాడు.

"సైగలతో చదువు చెప్పే బడి ఇక్కడ లేదమ్మా. ఈ పథకం పెట్టిన మొదటేడు, మా కబురు ఆయనుండే వీధికి చేరేసరికి, ఆయన కూతురికి మూడేళ్ళు నిండి పంతొమ్మిది రోజులైంది."