కింది ముఖం

ఎర్విన్ మళ్ళీ వంపు కత్తికి పదును పెడుతున్నాడు.

కోరల్ కెమెరా ఎత్తి, దించేసింది. వారం నుంచీ ఇదే ఫొటో. సానరాయి, కత్తి, వంచిన తల. ఇలాగైతే పుస్తకం నిండా కత్తి పదును తప్ప ఇంకేమీ ఉండదు.

"మావయ్యా, ఆ కత్తితో గడ్డం గీసుకోవచ్చు. ఇంక చాలు."

"నీకేం తెలుసే! ఇంకా మొద్దుగానే ఉంది."

కోరల్ ఎర్విన్ చెల్లెలి కూతురు. స్తంభాలు చెక్కే మేనమామ పనినీ, అతని కుటుంబాన్నీ ఫొటోలు తీసి పుస్తకం చెయ్యమని ఊరు ఆమెకు అప్పగించింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో పిల్లిలా తిరుగుతోంది. అత్త లవీనియా చేపలకు పొగ పెట్టడం, ఆడపిల్లలిద్దరి పోట్లాటలు, మావయ్య చేతులు, అన్నీ తీసింది. ఇక మిగిలింది ఈ స్తంభం పూర్తయి లేవడం.

అదే కావడం లేదు.

షెడ్డు పొడవునా స్తంభం కావాల్సిన ఎర్ర దేవదారు దుంగ పడుకుని ఉంది. పైన తోడేలు, దాని కింద ఎలుగు, అట్టడుగున చిన్న మనిషి. మనిషికి చేతులొచ్చాయి, కాళ్ళొచ్చాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం నున్నటి చెక్క. ఎర్విన్ దాన్ని దాటుకుంటూ తిరుగుతాడే తప్ప దానికేసి చూడడు.

స్తంభం తోడేలు ఇంటివాళ్ళది. నాస్ నది ఒడ్డు ఊళ్ళలో ఎవరికైనా ఇల్లు, అంటే వంశం, తల్లి నుంచే వస్తుంది. ఎర్విన్‌ది గద్ద ఇల్లు. లవీనియాది, ఆమె అన్న పెర్సీది, ఆమె పిల్లలది తోడేలు ఇల్లు. తమ ఇంటి స్తంభాన్ని తాము ముట్టుకోకూడదు, అటు పక్కవాళ్ళు చెక్కాలి. ఆ అటు పక్కవాడు ఎర్విన్. అత్తవారింటికి ఇంతకుముందు ఎన్నో పనులు చేసిపెట్టాడు. ఈ పనికి ఒప్పుకున్న రోజు నుంచి మాత్రం బోనులో పడ్డట్టున్నాడు.

మధ్యాహ్నం పెర్సీ వచ్చాడు. తోడేలు ఇంటికి అతనే పెద్ద. వచ్చాడంటే ఊరికే రాడు.

"ఏం బావా, చెక్కుతున్నావా, జోకొట్టి నిద్రపుచ్చుతున్నావా?"

"నా వల్ల కాదు పెర్సీ. ఆ ముఖం మా తమ్ముడితో చెక్కించుకో."

"మీ తమ్ముడా? వాడి చేతికి ఉలిస్తే తోడేలు కాస్తా పందవుతుంది." పెర్సీ నవ్వాడు. ఎర్విన్ నవ్వలేదు. "నది పొడుగునా అన్ని ఊళ్ళనూ స్తంభం నిలబెట్టే విందుకు పిలిచేశాం బావా. వేటమాంసం కూడా వచ్చేసింది. ఇప్పుడు కాదంటే మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?"

"మీ చెల్లెల్ని పెళ్ళాడాను గానీ మీకు వెట్టి చేస్తానని మాటిచ్చానా?"

"ఎవరు చేసినా సరిపోయేదైతే నీ గుమ్మం ఎందుకు తొక్కుతాను? నీ తర్వాతే కదా ఇంకెవరైనా."

పెర్సీ గొంతు ఎందుకో తగ్గిపోయింది. దగ్గరి దారి దుంగ అడుగు పక్క నుంచే. అతను మాత్రం తోడేలు తల వైపు నుంచి చుట్టూ తిరిగి బయటికి వెళ్ళాడు.

ఎర్విన్ కత్తి పడేసి లేచాడు. "టెర్రస్ పట్నం పోతున్నా. ఎవరి పడవైనా బాగుచేసుకుంటూ బతుకుతా." జేబులు తడుముకున్నాడు. ట్రక్కు తాళాలు లేవు. అవి ఎక్కడున్నాయో అతనికి తెలుసు. మళ్ళీ కూలబడ్డాడు.

తాళాలు లవీనియా మెడలో గొలుసుకు వేలాడుతున్నాయి. వంటింట్లో ఆమె చేప కోస్తోంది.

"మావయ్యను వదిలెయ్యొచ్చుగా అత్తా. చూడలేకపోతున్నా."

"వదిలేస్తే పారిపోతాడు. ఒకసారి పారిపోయాడంటే మళ్ళీ నా మొహం చూడలేడు. ఆయన సంగతి నాకు తెలుసు."

"పోనీ నువ్వే షెడ్డులోకి వచ్చి నచ్చజెప్పు."

"నేను రాను. నిలబెట్టాకే చూస్తాను."

ఆ మాట మీద ఇంకో మాట అనడానికి కోరల్‌కు ధైర్యం చాల్లేదు. సంగతి మార్చింది. "పుస్తకానికి మీ నలుగురినీ కలిపి ఒక ఫొటో తియ్యనా?"

"నది ఒడ్డున తీశావుగా."

"అందులో మావయ్య ఇటు చూడటం లేదు."

"మళ్ళీ తీస్తే అది మా ఫొటో కాదు." లవీనియా కత్తి ఆగింది. "అది ఆయనకిచ్చావా?"

కోరల్ తల అడ్డంగా ఊపింది. ఆ ఫొటో ఎన్నాళ్ళుగానో సంచిలోనే ఉంది. బయటికి తియ్యడానికి చెయ్యి రాలేదు.

"భయంగా ఉందత్తా."

"నాకు లేదా? ఇవ్వు. అది లేకే ఆయన చెయ్యి ఆగిపోయింది. నోరు తెరిచి అడగడు, మొండిమనిషి."

షెడ్డులో ఎర్విన్ మళ్ళీ సానరాయి ముందు ఉన్నాడు. కోరల్ ఫొటో దుంగ మీద పెట్టింది. నది ఒడ్డు, చేపల బుట్టలు, వాటి మధ్య ఐదుగురు. నలుగురు ఎటో చూస్తున్నారు. ఐదోవాడు కెమెరాలోకి చూస్తూ, విరిగిన ముందుపన్నుతో విరగబడి నవ్వుతున్నాడు.

ఎర్విన్ ఫొటో తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఎడమ పక్క పన్నా!" అన్నాడు. "నేను కుడి అనుకుంటున్నానే. ఎంత తలుచుకున్నా తేలక చస్తున్నా."

ఫొటోను గోడకు గుచ్చాడు. కత్తి తీసుకుని ఆ నున్నటి చెక్క ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోరల్ కెమెరా ఎత్తి, మళ్ళీ దించేసింది.

"వద్దు మావయ్యా. ఊళ్ళో ఎవరేమనుకుంటే నాకేం, ఇంకెవరితోనైనా చెక్కిద్దాం."

ఎర్విన్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"పోయినవాడి స్తంభం తండ్రి తరఫువాళ్ళే చెక్కాలి, మా డెంజిల్‌కు తండ్రిని నేనే కదే."