సీసం నీడ

“నీడ తప్పింది,” అన్నాడు టెక్నీషియన్, తెర మీది ఎక్స్‌రే చూస్తూ. “నీళ్లు తాగించారా అమ్మా?”

“నా కళ్ల ముందే తాగింది,” అంది ఆవిడ. చేతిలో ఖాళీ సీసా ఉంది.

“తాగాను,” అంది బల్ల మీద పడుకున్న అమ్మాయి. “తర్వాత బాత్రూంలో కక్కేశాను.”

“చెప్పొద్దూ?” అంది ఆవిడ.

“చెప్తే మళ్లీ తాగమంటారుగా!”

అమ్మాయికి రక్త క్యాన్సర్. మర్నాడు దాత ఇచ్చిన మూలకణాలు ఎక్కిస్తారు. అంతకుముందు ఒళ్లంతటికీ రేడియేషన్ ఇచ్చి, చెడిన ఎముక మజ్జను చంపాలి. మూడు రోజుల్లో ఆరు విడతలు. ఇది ఆరోది. ఆ కిరణాలు అండాశయాలకు తగిలితే ఇక పిల్లలు పుట్టే ఆశ దాదాపు ఉండదు. అందుకే టెక్నీషియన్ స్కాన్‌లో కొలతలు తీసుకుని రెండు సీసం దిమ్మలు పోతపోశాడు. పొట్టకు పైన అమర్చిన పలక మీద పెడితే వాటి నీడ అండాశయాల మీద పడుతుంది. అయితే మూత్రాశయం నిండితే అండాశయాలు ఒకచోట ఉంటాయి, ఖాళీ అయితే మరోచోటికి జరుగుతాయి. స్కాన్ రోజున అర లీటరు తాగి నలభై నిమిషాలు ఆగింది కాబట్టి ప్రతిసారీ అంతే తాగాలి, అంతసేపే ఆగాలి.

ఐదు విడతలూ తేడా రాలేదు. గడియారం చూస్తూ పక్కన కూర్చున్నది ఆవిడే.

డాక్టరమ్మ వచ్చి తెర చూసింది. “ఐదుసార్లు కాపాడాం. నీడ తప్పుచోట పడితే అక్కడి చెడు మజ్జ మిగిలిపోతుంది. ఈ ఒక్కసారికి దిమ్మలు తీసేసి ఇచ్చేద్దాం. బయట ఇంకా నలుగురున్నారు.”

“ఆ ఒక్కటీ తగిలితే?” అంది ఆవిడ.

“చేసిందంతా వృథా అయినా కావచ్చు. చెప్పలేను. కణాలు రేపు వచ్చేస్తాయి, దీన్ని వాయిదా వేయడానికి లేదు. ముందు ప్రాణం చూడాలి కదమ్మా.”

“ఇచ్చేయండి,” అంది అమ్మాయి. “నాకేం ఫర్వాలేదు.”

“నువ్వు నోర్మూసుకో,” అంది ఆవిడ. డాక్టరమ్మ వైపు తిరిగి, “బయటివాళ్లు ఒప్పుకుంటే గంట ఆగుతారా?” అని అడిగింది. జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

వరండాలో బల్ల మీద నలుగురు కూర్చున్నారు. ఆవిడ ఒక్కొక్కరి ముందూ వంగి సంగతి చెప్పింది. ఈ గంటలో ఇద్దరి వంతు ముందుకు జరుగుతుంది కాబట్టి వాళ్లు వెంటనే లేచారు. మిగతా ఇద్దరూ అమ్మాయికి అయ్యేదాకా ఆగాలి. మూడో ఆవిడ కాస్త సణిగి ఒప్పుకుంది. మిగిలింది గొంతు క్యాన్సర్ పెద్దాయన. ఆయన వెళ్లాల్సిన బస్సు తప్పిపోతుంది.

“పోనీలెండి,” అన్నాడు బొంగురు గొంతుతో. “ఆలస్యమైతే మా ఆవిడే ఎక్కువ సంతోషిస్తుంది. ఇంకో గంట నా గొంతు వినక్కర్లేదు.”

అమ్మాయిని దింపి పక్క గదిలో కూర్చోబెట్టారు. ఆవిడ సీసా నింపుకొచ్చింది.

“నా వల్ల కాదు,” అంది అమ్మాయి.

“నువ్వో గుక్క, నేనో గుక్క. రెండు సీసాలు తెచ్చాను.”

“మీరెందుకు తాగడం?”

“నీకు తోడుగా. కడుపు ఉబ్బితే ఇద్దరికీ ఉబ్బుతుంది.”

అమ్మాయి నవ్వింది. తాగింది. ఈసారి నీళ్లు నిలిచాయి.

మధ్యలో టెక్నీషియన్ దిమ్మలు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“మీలాంటి వాళ్లు పక్కనుంటే సగం జబ్బు తగ్గుతుందమ్మా,” అన్నాడు.

“నాలాంటి దాని సంగతి నీకేం తెలుసు బాబూ. జబ్బని తెలిసిన రోజే ఒక్క డాక్టర్ని అడిగుంటే ఇలాంటి ఉపాయం ఉందని తెలిసేది. అడగలేదు. అంతా అయిపోయిందని నాకు నేనే తేల్చేసుకున్నాను.”

“ముందే అడిగినా అండాలు తీసి దాచేంత వ్యవధి లేదట కదా. జబ్బు అంత తొందరపెట్టింది.”

“తొందరపడింది జబ్బు కాదు, నేను,” అని కళ్లు తుడుచుకుంది. “మావాడు తన మజ్జ ఇస్తానన్నాడు. పరీక్ష చేస్తే కలవలేదు.”

“తోబుట్టువుల్లోనే నలుగురిలో ఒకరికే కలుస్తుందమ్మా. అబ్బాయి తప్పేముంది?”

“వాడికి పోయిన ఏడాది పెళ్లి చేసేశాను. నా మాట కాదనలేక తాళి కట్టాడు. ఇంటికొస్తే అన్నం ముందు కూర్చుంటాడు, తినడు.”

“చెల్లెలు ఇలా ఉంటే ఏ అన్నకు ముద్ద దిగుతుంది?”

ఆవిడ తల వంచుకుని గడియారం చూసింది. “నలభై నిమిషాలయింది,” అంది.

ఈసారి నీడ సరిగ్గా పడింది. డాక్టరమ్మ రెండుసార్లు చూసి తలూపింది. మెషీన్ ఆగాక టెక్నీషియన్ దిమ్మలు తీసి పక్కన పెట్టాడు.

“మరి పిల్లలు పుడతారా?” అని గుమ్మంలోంచి అడిగింది ఆవిడ.

“ఏడాది ఆగితే కొంత తెలుస్తుంది,” అంది డాక్టరమ్మ. “చేయగలిగింది చేశాం.”

ఆవిడ పెద్దాయనకు దణ్ణం పెట్టడానికి వరండాలోకి వెళ్లింది. అమ్మాయి చక్రాల కుర్చీలో కూర్చుంది. మజ్జ మార్పిడి వార్డుకు పంపే కాగితం మీద, తోడుండేవారి వరుస దగ్గర టెక్నీషియన్ కలం ఆపాడు.

“అమ్మ అని రాస్తున్నాను.”

“మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండీ.”

అతను తలెత్తాడు. వరండాలో ఆవిడ పెద్దాయన చేతులు పట్టుకుని ఏదో చెబుతోంది.

“మరి ఈవిడ?”

అమ్మాయి కూడా అటే చూసింది.

“నాకిక పిల్లలు పుట్టరని వాళ్లబ్బాయితో నా పెళ్లి ఆపేసింది ఆవిడే.”