ఉంగరం మీద ఆమ్లపు చుక్క

“వద్దు. ఉంగరాన్ని గీరకు,” అంది టీచరు.

కంసాలి చేతిలో ఆకురాయి ఆగింది. అతని బల్ల చుట్టూ టీచరు, ఆమె అత్తగారు, మరిది, ఒక పోలీసు అధికారి నిలబడి ఉన్నారు. పడవ మునిగిన చోటికి దిగువన దొరికిన శవం వేలికి ఉన్న ఉంగరం అది. ముఖం గుర్తుపట్టేలా లేదు. టీచరు భర్త ఎక్కింది ఆ పడవే.

“మావాడి ఉంగరంలాగే ఉంది,” అంది అత్తగారు. “నా గాజులు కరిగించి చేయించాను. మేలిమి బంగారం.”

“ఇలాంటివి వందమందికి ఉంటాయమ్మా,” అన్నాడు మరిది. “వదినా, నువ్వు చెప్పిన పాఠమే కదా! ఈయన వేసేది నత్రికామ్లం. ఎలక్ట్రాన్లను లాగే బలం, అదే ఎలక్ట్రోడ్ పొటెన్షియల్, దానికి పాయింట్ తొమ్మిది ఆరు. బంగారానిది ఒకటిన్నర. దాని ఎలక్ట్రాన్లు లాక్కోవడం ఈ ఆమ్లం తరం కాదు, చర్య జరగదు. రాగిది పాయింట్ మూడు నాలుగే, ఇట్టే లొంగిపోతుంది. చుక్క పొంగిందంటే ఇది అన్నయ్యది కాదు.”

“చర్య జరుగుతుందో లేదో చెప్తాయి ఆ అంకెలు. అంతకుమించి వాటినేం అడగకు.”

“తప్పు చెప్తే మార్కులు కోసేదానివి. ఒప్పు చెప్పినా ఊరుకోవేంటి?”

“పాఠం అయిందా బాబూ?” అన్నాడు కంసాలి. “టీచరమ్మగారు సరేనంటేనే చుక్క వేస్తాను.”

అత్తగారి వేళ్లు బల్ల అంచును వదలడం లేదు.

“వెయ్యనీ తల్లీ,” అందామె కోడలితో. “వాడిదయితే ఏడుస్తాను. కాకపోతే వాడొచ్చేదాకా ఎదురుచూస్తాను. ఇలా ఇటూ అటూ కాకుండా ఉండలేను.”

టీచరు తలూపింది.

కంసాలి ఉంగరం లోపలివైపు గీరి, గాజుపుల్లతో చుక్క వేశాడు. వీధిలో ఎవరిదో స్కూటరు ఆగి, మళ్లీ వెళ్లిపోయింది.

చుక్క ఆకుపచ్చగా పొంగింది. దాని మీద ఎర్రటి పొగ సన్నగా లేచింది.

“రాగి!” మరిది అరిచాడు. “రాగే కదా వదినా?”

“రాగే.”

“పైన పూతే బంగారం,” అన్నాడు కంసాలి.

“అయితే ఆ శవాన్ని అనాథగా మేమే సాగనంపుతాం,” అని అధికారి టోపీ పెట్టుకున్నాడు. “ఈ సాయంత్రమే.”

అత్తగారు కోడలి రెండు చేతులూ పట్టుకుని, ఏడుస్తూ నవ్వింది. “బతికే ఉన్నాడే! నీ చదువే చెప్పింది. నువ్వూ ఒక మాట అనవే.”

టీచరు నోరు తెరిచింది. గుమ్మం దాకా వెళ్లిన అధికారి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె అత్తగారి కళ్లు తుడిచింది. అధికారి గుమ్మం దాటాడు.

అసలుది అమ్మి రాగిది చేయించుకున్నానని భర్త చెప్పింది ఆమెకొక్కదానికే.