నాలుగో కోరులో దొంగ

హుకుంపేట కాఫీ రైతుల సంఘం వారి కొత్త యంత్రంలోకి ఎవరో దొంగచాటుగా ఒక ప్రోగ్రామ్ దూర్చారని కంపెనీ ఇంజనీరు హారిక కనిపెట్టేసరికి, ఆమె వెనక నిలబడ్డ ఆపరేటర్ ఫల్గుణ మొహంలో నెత్తురు చుక్క లేదు.

పాపం, అతని భయం అతనిది. పండిన ఎర్రటి కాఫీ పళ్ళను ఒకవైపు, పచ్చికాయలను ఇంకోవైపు ఏరిపెట్టడం ఆ యంత్రం పని. వచ్చిన నాటి నుంచీ అది పళ్ళలో కాయలు కలిపేస్తోంది. ఫల్గుణ దాని పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడని సంఘం అధ్యక్షురాలు ముత్యాలమ్మ తేల్చేసింది. యంత్రం తయారుచేసిన కంపెనీవాళ్ళు విశాఖ నుంచి వచ్చి అసలు సంగతేమిటో ఇవాళ చెప్పకపోతే అతని ఉద్యోగం ఊడినట్టే.

“ఏటైంది మేడమ్?” అన్నాడు ఫల్గుణ.

“దీని మెదడులో నాలుగు కోర్లుంటాయి. నలుగురు పనివాళ్ళనుకో. ఒకడు కెమెరాతో చూస్తాడు. ఇంకొకడు పండో కాయో తేలుస్తాడు. మూడోవాడు కాయ పక్కకి పడేలా తలుపు తీస్తాడు. నాలుగోవాడు ఖాళీగా ఉండాలి, ఎవరికైనా పని మీద పడితే అందుకోడానికి. వాడికి ఎవరో ఊపిరాడనంత పని పెట్టారు. ఆ వేడికి మిగతావాళ్ళూ మందగించారు. కాయ దాటిపోయాక తలుపు తెరుచుకుంటోంది.”

“అయితే నాను నిద్రోనేదు కదా!”

“నిద్రపోలేదు. కానీ ఆ ప్రోగ్రామ్ లోపలికి వెళ్ళింది నీ లాగిన్‌లోంచే.”

వచ్చిన ప్రాణం మళ్ళీ పోయింది ఫల్గుణకి.

హారిక పై అధికారి లక్ష్మీప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. యంత్రాన్ని దగ్గరుండి బిగించి వెళ్ళింది ఆయనే. “ఈ కుర్రాడికంత తెలివెక్కడిది? ఈ యంత్రం రావడం వల్ల దెబ్బతిన్నదెవరు? అది చూడాలి మనం,” అని చెయ్యి బయటికి చాపాడు. షెడ్డు ఎదురుగా, సంతలో రైతుల దగ్గర కాఫీ పళ్ళు కొనే వ్యాపారి సూర్యనారాయణ కాటా ముందు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. యంత్రం వచ్చాక అతనికి పళ్ళు అమ్మేవాళ్ళు తగ్గిపోయారు.

లక్ష్మీప్రసాద్ వెళ్ళి అతని ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. “యంత్రం లోపల చెయ్యి పెట్టావా?”

“నానా?” సూర్యనారాయణ తెల్లబోయాడు. “నా సెల్లులో బొమ్మ పడకపోతే మా మనవరాలు బాగుసేత్తది బాబూ. నాకంత ఇద్దె ఉంటే ఈ కాటా ఒగ్గేసి మీ కంపెనీలో ఏసీ కింద కూకోనా ఏటి?”

సంతంతా ఘొల్లుమంది. లక్ష్మీప్రసాద్ చెవులెర్రబడ్డాయి. షెడ్డులోకి తిరిగొచ్చి గొంతు తగ్గించాడు. “దాన్ని తీసిపారేసి పోదాం హారికా. ఎవరు పెట్టారో మనకెందుకు? మంచు దిగితే ఘాట్ రోడ్డు కనబడి చావదు.”

ముత్యాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “పేరు సెప్పకుండా ఎల్లనేరు బాబూ. దొంగ దొరికాడా సరే. దొరకనేదా, ఈ ఫల్గుణగాడే దొంగ. రేపట్నుంచి పనిలోకి రానక్కర్నేదు.”

“పెద్దమ్మా, నాను ముట్టనేదే!”

“మరెవులు ముట్టారు, దెయ్యమా? నువ్వు సూడు గుంటా, బేగి సూడు,” అంది హారికతో.

హారిక ఆ ప్రోగ్రామ్ తెరిచి చదివింది. మళ్ళీ చదివింది. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది దేన్నీ దొంగిలించడం లేదు. ఎవరికీ ఏ కబురూ పంపడం లేదు. స్విచ్చి వేసిన దగ్గర్నుంచి కట్టేసేదాకా ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలు లెక్కపెడుతోంది. అంతే. ఇంత కష్టపడి ఇంత పనికిమాలిన పని చేసే దొంగని ఆమె తన ఉద్యోగంలో చూడలేదు.

“ఇంక చాల్లే, తీసెయ్యి,” అన్నాడు లక్ష్మీప్రసాద్.

హారిక వినలేదు. తెర మీది రాతను మొదటి వరుసదాకా వెనక్కి జరిపింది. అక్కడ ఆమె వేలు ఆగిపోయింది. అన్నిటికంటే పైన, యంత్రానికి అక్కర్లేని వరుసలో, మనుషులు చదువుకోడానికి మాత్రమే ఒక మాట రాసి ఉంది.

శ్రీరామ.

ఫల్గుణ ఆదివారం ఆదివారం చర్చిలో గిటారు వాయించే మనిషి. సూర్యనారాయణకి సెల్లే లొంగదు. పూర్వం కార్డు ముక్క రాసినా పెద్దలు పైన శ్రీరామ చుట్టినట్టు, ప్రోగ్రామ్ నెత్తిన కూడా ఆ మాట రాస్తేగాని వేళ్ళు కదలని మనిషి హారికకి తెలిసి ఒక్కడే ఉన్నాడు.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. “సార్... మీరా?”

లక్ష్మీప్రసాద్ కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

“ఎందుకు సార్? పాపం ఇతని ఉద్యోగం పోయేది!”

ఆయన ఫల్గుణ వైపు చూడలేకపోయాడు. గుమ్మంలో నిలబడ్డ ముత్యాలమ్మ వైపు దీనంగా చూశాడు.

“యంత్రం అప్పగించిన రోజు, తెర మీద కోర్ల పని చూపించే గీతల్లో మూడు ఎగురుతుంటే నాలుగోది పడుకుని ఉండడం ఈవిడ చూశారమ్మా. ‘మా గూడెంలో ఒకరి పొలంలోకి నలుగురు సాయానికి దిగితే నలుగురూ నడుం వంచాల్సిందే, కూర్చున్నవాణ్ణి గట్టు మీంచే తరిమేస్తాం, ఈ సోమరిపోతు ఉన్న యంత్రం మాకొద్దు, లారీ ఎక్కించుకో’ అన్నారు. ఖాళీగా ఉండడమే వాడి పనని పొద్దుగూకేదాకా చెప్పాను, వింటేనా? ఇంత వేడెక్కుతుందని నేను మాత్రం కలగన్నానా? తెరిచి ఉన్న ఫల్గుణ లాగిన్‌లోనే కూర్చుని, ‘ముత్యాలమ్మగారు చూస్తున్నారు, ఊరికే అంకెలైనా లెక్కపెట్టుకోరా నాయనా’ అని ఆ నాలుగోవాడికి నేనే పని పురమాయించాను!”