గొడుగు ఎవరికి

ఆ ఉదయం ఆకాశం తోమిన సత్తు గిన్నెలా తెల్లగా ఉంది. మబ్బు లేదు, నీలమూ లేదు.

ముసలాయన ఎప్పటిలాగే ఎనిమిదింటికి వడ్రంగి షెడ్డు గేటు తీసి, రెండడుగులు వేసి ఆగిపోయాడు.

గడ్డి మధ్యలో నాలుగు కాళ్ళ మీద ఉండాల్సిన తెల్ల పెట్టె అక్కడ లేదు.

“పెట్టేదీ?”

“రేకుల గోడ పక్కకి జరిపించా తాతా. బడికి అరవై బెంచీలివ్వాలి. కర్ర పెట్టుకోడానికి చోటు లేదు.”

వడ్రంగి ఆ షెడ్డులోకి వచ్చి మూడు నెలలే అయింది. ‘ఓ పెద్దాయన రోజూ వచ్చి పెట్టె చూసుకుంటాడు, అడ్డు చెప్పకు’ అన్నాడు షెడ్డు యజమాని. అంతకు మించి చెప్పలేదు. పెట్టె చుట్టూ వాలు చెక్కలే, ఒక్క మేకు లేదు. చేసినవాడెవడో పనిమంతుడే అనుకున్నాడు వడ్రంగి.

“ఇంతకీ అందులో ఏముంది తాతా?”

“గాలి.”

“బయట దొరకదా?”

“రేకు పక్కన పెడితే అబద్ధం చెబుతుంది. మళ్ళీ పాతచోట పెట్టించు బాబూ.”

పెట్టె అబద్ధం చెప్పడమేమిటో వడ్రంగికి అర్థం కాలేదు. వెనక నుంచి అతని భార్య కణత దగ్గర వేలు తిప్పి చూపింది.

“నాలుగు రోజులాగు తాతా. బెంచీలు వెళ్ళిపోగానే జరుపుతా.”

ముసలాయన తలూపాడు. వెళ్తూ వెళ్తూ ఓ బెంచీ కాలు నిమిరాడు.

“పచ్చి కర్ర. వంగుతుంది.”

“తాతకి దగ్గులు నేర్పకు!” అని నవ్వాడు వడ్రంగి.

ముసలాయన కూడా కొంచెం నవ్వాడు.

మధ్యాహ్నం రెండున్నరకి మళ్ళీ వచ్చాడు, గొడుగుతో. పెట్టె ఉండిన చోటే, కర్రల మధ్య ఎండలో నిలబడ్డాడు. గొడుగు విప్పి చేయి బారజాపి పట్టుకున్నాడు. బట్టతల మాత్రం ఎండలోనే ఉంది. గొడుగు కింద, రెండో చేతిలో ఏదో సన్నగా మెరుస్తోంది.

“ఎవరికి పడుతున్నాడే ఆ గొడుగు?”

“ఏమోనండీ. పక్కన పురుగు కూడా లేదు.”

“తాతా! గొడుగు నెత్తి మీద పట్టుకోవాలి!”

ముసలాయన తల తిప్పలేదు. అరగంట నిలబడి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

నాలుగో రోజు డబ్బాలో జిగురు దానంతటదే పొంగింది. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంది. వడ్రంగి భార్య మనసొప్పక చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళింది.

“ఉండమ్మా. అంకె నిలవనీ.”

రాసుకున్నాకే తాగాడు.

“రేపు జరుపుతారుగా?”

“జరుపుతాం తాతా.”

మర్నాడు బెంచీలు లారీ ఎక్కాయి. ముసలాయన రాలేదు. అడిగేవాళ్ళు లేక పెట్టె రేకుల పక్కనే ఉండిపోయింది.

వారం తర్వాత వాతావరణ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి కొత్తది, ఒకటి అట్ట ఊడినది.

“ఆయన పోయారు. చివరి అంకె రాసిన రోజే బస్టాపులో పడిపోయారట. వడదెబ్బ. ఇవి గదిలో దొరికాయి.”

వడ్రంగి చేతిలోని ఉలి కింద పెట్టాడు.

“పెద్ద ఆఫీసరాండీ?”

“మాకూ తెలీదు. నెలనెలా అంకెలతో కార్డు వచ్చేది, అంతే.” ఆవిడ పెట్టె వంక, రేకుల వంక చూసింది. “ఈ నెల లోకమంతా రికార్డు వేడి. ఏ అంకెనైనా నమ్మే ముందు థర్మామీటరుండే పెట్టె కదిలిందా, పక్కన గోడ లేచిందా అని చూస్తాం. కదిలితే ఆ అంకె కొట్టేస్తాం. ఏళ్ళ తరబడి వచ్చిన వరస అక్కడితో తెగుతుంది.”

“అయితే తెగిందా?”

ఆవిడ కొత్త పుస్తకంలో చివరి పేజీ చదివింది.

“‘పెట్టె రేకుల దగ్గర ఉంది. అందులో నలభై ఏడు. లెక్కకు రాదు. పాతచోట, గొడుగు నీడలో పట్టిన థర్మామీటర్లో, నలభై నాలుగు పాయింట్ ఎనిమిది.’ తెగలేదు. ఇక్కడ ఇంత వేడి ఎప్పుడూ లేదు.”

“గొడుగు... దానికా?” అంది వడ్రంగి భార్య.

వడ్రంగి లేచి పెట్టె కాళ్ళు పట్టుకున్నాడు. ముగ్గురూ మోసుకెళ్ళి గడ్డి మధ్యలో నిలబెట్టారు.

ఆవిణ్ణి తినకుండా వెళ్ళనివ్వలేదు. మిగిలిపోయిన ఒక్క బెంచీ మీద ముగ్గురూ కంచాలు పట్టుకుని కూర్చున్నారు. వంగిన కాలు మీద బెంచీ ఊగింది.

వడ్రంగి తింటూనే ఎడమచేత్తో పాత పుస్తకం తెరిచాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి మొదటి పేజీ మీద వంకర అక్షరాలు: “పెట్టె చేసి బిగించాను. ఆఫీసరు గారు వచ్చేదాకా రెండు రోజులు అంకెలు రాస్తుండమన్నారు. ఇట్లు, ఈ షెడ్డు వడ్రంగి.”