నడిమి బూడిద

ఈ లిఫ్టు మెకానిక్కు కళ్లు కప్పగలిగిన వస్తువు భూమ్మీద లేదు. నాలుగో అంతస్తు మీద నిలబడి, కింద రోడ్డు దాటుతున్న చీమ ఏ కాలు కుంటుతోందో చెప్పగలడు. అంతటివాడు పోలీస్ స్టేషన్లో బల్ల ముందు కూర్చుని, సొంత పెళ్లాం ఎలా ఉంటుందో చెప్పలేక చెమటలు కక్కుతున్నాడు.

"ఒక్క ఫొటో ఇవ్వండి మాస్టారూ, మిగతాది మేం చూసుకుంటాం," అన్నాడు హెడ్ కానిస్టేబులు.

మెకానిక్కు మెడలో కెమెరా వేలాడుతోంది. ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో నలభై వేల ఫొటోలు. పిట్టలు, వాన చినుకులు, తుప్పు పట్టిన తాళాలు, ఎవరెవరివో ముడతలు పడ్డ ముసలి చేతులు. వెతగ్గా వెతగ్గా ఆవిడవి మూడు దొరికాయి. ఒకదాంట్లో మోచెయ్యి. ఒకదాంట్లో నీడ. మూడోదాంట్లో, కెమెరా తడవకుండా గొడుగు పట్టిన నాలుగు వేళ్లు.

"పెళ్లి ఫొటో అయినా లేదా?"

"ఉండేది సార్. ఫోకస్ సరిగ్గా లేదని నేనే చింపేశాను."

హెడ్డు అతన్ని ఎగాదిగా చూశాడు. "పోనీ, ఏదైనా కార్డు?"

"కార్డులన్నీ ఉన్న సంచీ ఆవిడ దగ్గరే ఉంది. ఫోను మాత్రం ఇంట్లో మరిచిపోయింది. ఈ మధ్య అన్నీ మరిచిపోతోంది సార్. పోయిన నెల మా వీధిలోనే నిలబడి, మా ఇల్లెక్కడని ఎదురింటివాళ్లని అడిగిందట."

బయట వాన దంచుతోంది. ఆవిడ గడప దాటి ఎనిమిది గంటలైంది. ఇంకో రెండు గంటల్లో చీకటి పడుతుంది.

"సరే, పొద్దున ఏ రంగు బట్టలు వేసుకున్నారు?"

"నడిమి బూడిద."

"అంటే?"

"మరీ నలుపూ కాదు, మరీ తెలుపూ కాదు సార్. కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడుతోంది..."

హెడ్డు పెన్ను కింద పెట్టేశాడు. "నేనడిగింది రంగు మాస్టారూ, వాతావరణం కాదు."

ముప్పై ఏళ్లుగా అతను తీసేవన్నీ నలుపు తెలుపు ఫొటోలే. రంగు చూపుకి అడ్డమని అందరితో వాదించేవాడు. వాదించి వాదించి కంటిని కూడా ఒప్పించేశాడు. చీమ సంగతి కాస్త సాగదీసి చెప్పాను లెండి. చీమ కనబడేమాట నిజమే గానీ, పక్కనున్న మనిషే కంటికి ఆనేది కాదు.

అంతలో ఆదివారం బ్యాచ్ తడిసి ముద్దయి దిగింది. వారమంతా ఎవరి పొట్ట తిప్పలు వాళ్లవి. ఆదివారం తెల్లారేసరికి మాత్రం అందరూ కెమెరాలు తగిలించుకుని ఒకే దారిన పడతారు. పళ్ల డాక్టరు గడ్డం కింద మాస్కుతోనే వచ్చాడు. టైలరమ్మ మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయింది. బస్సు డ్రైవరు డ్యూటీలో ఉన్నాడు.

"నీ దగ్గరైనా ఒక్కటి ఉందా అమ్మా?" మెకానిక్కు టైలరమ్మని అడిగాడు.

"లేదన్నయ్యా. ఎప్పుడొచ్చినా వదిన భుజాన మన సంచులన్నీ తగిలించి, మనం ముందుకెళ్లిపోయేవాళ్లం." టైలరమ్మ ముక్కు చీదింది. తర్వాత హెడ్డు వైపు తిరిగింది. "రాసుకోండి సార్. ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంటుంది. మెడ వెనక పుట్టుమచ్చ. అది కనబడకుండా కుట్టమంటుంది. ఇవాళ చిలకాకుపచ్చ జాకెట్టు వేసుకుని ఉంటుంది. నిన్న సాయంత్రమే చంటిపిల్లలా గంతులేస్తూ పట్టుకెళ్లింది."

"పైవరసలో కుడివైపు పన్ను కొస విరిగింది," అన్నాడు డాక్టరు. "కట్టిస్తాను రండి అంటే, ఎవరు చూస్తారులే బాబూ అన్నారు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు."

హెడ్డు గబగబా రాసుకుంటున్నాడు. మెకానిక్కు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు, వాళ్లు ఇంకెవరి భార్య గురించో చెబుతున్నట్టు.

"పుట్టుమచ్చా?" అన్నాడు.

హెడ్డు లేచి ఆనవాళ్లన్నీ వైర్‌లెస్‌లో చదివాడు. డాక్టరు అవే ఫోన్లో డ్రైవరుకి చెప్పాడు.

పావుగంట తర్వాత ఫోను మోగింది. డ్రైవరు గొంతు గదంతా వినబడింది.

"ఒరేయ్, దొరికిందిరా! ఏడో నంబరు బస్సులో చివరి సీట్లో కూర్చుందట. మూడు ట్రిప్పులైనా దిగనంటోందట. అడిగితే చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోందట. ఆ బస్సు డ్రైవరు బండి అటే తోలుకొస్తున్నాడు, కదలకు!"

మెకానిక్కు కదలకుండా ఎలా ఉంటాడు? గొడుగు సంగతి కూడా మరిచి రోడ్డు మీదికి పరుగెత్తాడు.

జనంతో సహా బస్సు స్టేషన్ ముందే ఆగింది. ఆమె మెట్లు దిగింది. తడిసిన రోడ్డు, తడిసిన గోడలు, నల్లటి మబ్బు, వాటి మధ్య చిలకాకుపచ్చ. అతనికి ఒక్కసారిగా కళ్లు చెదిరాయి.

"ఏంటండీ, ఇంతమంది చేరారు? ఎవరైనా తప్పిపోయారా ఏంటి?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి తియ్యవే," అన్నాడతను, కెమెరా పైకెత్తి. "ఒక్కసారి చెయ్యి తియ్యి."

తీసింది. విరిగిన పన్నుతో సహా నవ్వింది.

నమ్మనివాళ్లు టైలరమ్మ కొలతల పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. పన్ను సంగతి డాక్టరు చీటీలో ఉంది. ఆ రోజుతో మెకానిక్కు పిట్టల్నీ తాళాల్నీ వదిలేసిన మాట కూడా నిజం. ఇప్పుడతను తీసేవన్నీ రంగుల్లోనే. బస్ స్టాండుల్లో, ఆసుపత్రి గేట్ల దగ్గర, సంతల్లో, ఎదురైన ప్రతి ఆడమనిషి మొహాన్నీ తీస్తాడు. ఇంటికెళ్లి ఒక్కొక్కటే పెద్దది చేసి చూసుకుంటాడు.

ఆమె ఆ బస్సులో దొరికి దిగడం ఒక్కటే నా కల్పన.